పెరట్లో క్రికెట్ నెట్, పికిల్‌బాల్ కోర్టు: టర్ఫ్ వేయించినవాళ్లు సలహా చెప్పండి (ఉత్తర డాలస్)

పెరటి_పిచ్ (ప్రాస్పర్)

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక స్థలం కంచె వెంబడి 70 అడుగులు, ఇంటి గోడ నుంచి వెనక కంచెకి 45 అడుగులు ఉంది. ఇప్పుడు మొత్తం బెర్ముడా గడ్డే. మా బాబుకి పన్నెండేళ్లు, లెదర్ బాల్‌తో ఆడుతున్నాడు. అకాడమీ నెట్స్‌లో సాయంత్రం స్లాట్ దొరకడం గగనమైపోయింది. పాపకీ మా ఆవిడకీ పికిల్‌బాల్ (చిన్న కోర్టులో ప్లాస్టిక్ బంతితో ఆడే టెన్నిస్ లాంటి ఆట) ఇష్టం. అందుకని పెరడంతా ఆర్టిఫిషియల్ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) వేయించేసి, ఒక పక్క క్రికెట్ నెట్, ఇంకో పక్క పికిల్‌బాల్ గీతలు పెట్టిద్దామనుకుంటున్నాం.

ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూసి వెళ్లారు. చదరపు అడుగుకి ఒకరు 11 డాలర్లన్నారు, ఒకరు 14, ఇంకొకరు 19. గడ్డి శాంపిల్ ముక్కలు మాత్రం చేతికి దాదాపు ఒకేలా అనిపించాయి. మరి ఇంత తేడా ఎక్కడ వస్తోందో అడిగితే సూటిగా చెప్పేవాళ్లు లేరు. ఇలాంటిది చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏం చూసుకోవాలి? ఎవరికి ఇవ్వాలి అని అడగడం లేదు, ఏం అడగాలో తెలిస్తే చాలు.

లెగ్_కట్టర్ (అర్వింగ్)

ముందు పికిల్‌బాల్ సంగతి తేల్చుకోండి అన్నా. అది చిల్లుల ప్లాస్టిక్ బంతి, గట్టి నేల ఉంటేనే లేస్తుంది. గడ్డి మీద పడితే అక్కడే చచ్చిపోతుంది. గీతలు గీసినా కోర్టు అయితే అవుతుంది గానీ ఆట రాదు. పాడెల్ (టెన్నిస్ లాంటి ఇంకో ఆట) అయితే పొట్టి టర్ఫ్‌లో ఇసుక నింపి ఆడతారు, ఎందుకంటే ఆ బంతి వేరు.

పైగా స్థలం లెక్క చూడండి. కోర్టు గీతలు 20 బై 44 అడుగులే గానీ, చుట్టూ కదలడానికి కలిపి కనీసం 30 బై 60 కావాలి. దాని పక్కన 12 అడుగుల నెట్ లేన్ పెడితే 42 అడుగులు అయిపోయింది. మీకున్నది 45. ఇంటి గోడకి ఆనుకుని ఆడాల్సి వస్తుంది.

నెట్ మాత్రం తప్పకుండా పెట్టించండి. 2024 జూన్ 6న గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించిన రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. ఆ తర్వాత మా లీగ్‌కి వచ్చే పిల్లలు బాగా పెరిగారు. గ్రౌండ్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఇంట్లో నెట్ ఉన్న పిల్లవాడికి అది పెద్ద వరం.

నల్లరేగడి (మెకిన్నీ)

నేను ఇక్కడ సైట్ గ్రేడింగ్ (నేల వాలు సరిచేయడం), డ్రైనేజీ డిజైన్ పని చేస్తాను. 11కీ 19కీ తేడా గడ్డిలో కన్నా గడ్డి కింద ఎక్కువ ఉంటుంది. ఇక్కడే కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన ఊళ్ల కింద ఉన్నది బ్లాక్‌ల్యాండ్ మట్టి. గుంటూరు, కర్నూలు వైపు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, గుణం అచ్చం మన నల్లరేగడే. శాస్త్రంలో రెండూ వర్టిసాల్స్ అనే ఒకే వర్గం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. టెక్సస్ రాష్ట్ర నేలగా చెప్పేది కూడా ఈ కోవలోని హ్యూస్టన్ బ్లాక్ అనే మట్టే. ఈ నేల మీద ఏం పరిచినా అది ఏడాదికోసారి లేచి కుంగుతుంది. ఫ్లోరిడాలో బాగా నిలబడే పద్ధతి ఇక్కడ నిలబడదు.

కాంట్రాక్టర్లందరూ చెప్పే మాట ఒకటుంది: "మా టర్ఫ్ గంటకి 30 అంగుళాల వాన పడినా నీళ్లు వదిలేస్తుంది" అని. ఆ మాట నిజమే, దాని అడుగున చిల్లులుంటాయి. కానీ కిందికి దిగిన నీళ్లు తర్వాత ఎక్కడికి పోతాయి? కంకర దాటాక బంకమట్టి తగులుతుంది. అది నీటిని త్వరగా కిందికి దిగనివ్వదు. మట్టిని ఆరంగుళాలు తవ్వి అందులో కంకర నింపితే మీ పెరట్లో ఒక తొట్టి కట్టినట్టే. నీళ్లు అందులో నిలబడతాయి, మట్టి ఉబ్బుతుంది, ఆగస్టులో ఎండి కుంగుతుంది. ఆ కుంగు మీకు పైన గుంటలు, అలలుగా కనబడుతుంది.

కాబట్టి ముగ్గురినీ ఇవి అడగండి. తవ్విన మట్టి అడుగుభాగానికే వాలు పెడతారా, లేక పై కంకరకి మాత్రమేనా? (అడుగుభాగానికే పెట్టాలి, కనీసం నూటికి ఒకటి, ఒకటిన్నర.) ఆ వాలు చివర నీళ్లు బయటికి పోయే పైపు ఉందా, అది ఎక్కడ తేలుతుంది? మట్టికీ కంకరకీ మధ్య, రెండూ కలవకుండా ఆపే జియోటెక్స్‌టైల్ బట్ట వేస్తారా? కంకర ఒకేసారి పోసి తొక్కిస్తారా, పొరలు పొరలుగా పోస్తూ ప్లేట్ కాంపాక్టర్ (తొక్కించే యంత్రం) తిప్పుతారా? ఈ నాలుగింటికి తడుముకోకుండా జవాబు చెప్పినవాడు 14 అడిగినా, 19 అడిగినా ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఇంకో మాట. జూలై, ఆగస్టుల్లో నెర్రెలిచ్చిన మట్టి మీద నేరుగా కంకర పోయనివ్వొద్దు. అక్టోబరు వానలకి అది లేస్తుంది. ముందు తడిపి, పదును వచ్చాక తొక్కించాలి.

పెరటి_పిచ్ (ప్రాస్పర్)

చాలా థాంక్స్ అండి. 11 డాలర్ల ఆయన "మూడంగుళాలు తీసి, కంకర వేసి, రోల్ పరిచేస్తాం, రెండు రోజుల పని" అన్నారు. వాలు గురించి అసలు మాటే రాలేదు. వెనక కంచె పక్కన స్థలం కొంచెం పల్లంగా కాలువలా ఉంటుంది, దాన్ని కూడా లెవెల్ చేసేస్తామన్నారు. నెట్ లేన్ అక్కడే అనుకున్నాం.

నల్లరేగడి (మెకిన్నీ)

ఆ పల్లాన్ని ముట్టుకోనివ్వకండి! అది బిల్డర్ కావాలనే పెట్టిన స్వేల్. మీ ఇంటి నీళ్లు, పక్కింటి నీళ్లు వీధిలోకి పోయే దారి. దాన్ని పూడిస్తే నీళ్లు పక్కవాళ్ల పెరట్లోకో, మీ ఫౌండేషన్ దగ్గరికో వస్తాయి. ఉపరితల నీటిని మళ్లించి పక్కవాడి ఆస్తికి నష్టం చేస్తే నష్టపరిహారం అడిగే హక్కు వాళ్లకి టెక్సస్ వాటర్ కోడ్‌లో ఉంది.

ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే ప్లాట్ కాగితం తీసి చూడండి. వెనక కంచె వెంబడి యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, కేబుల్ లాంటి కంపెనీల లైన్లకి వదిలిన స్థలం) గీత ఉండొచ్చు. ఉంటే అందులో నెట్ స్తంభాలకి కాంక్రీట్ పోయకూడదు. రేపు కేబుల్ మనిషి వచ్చి తవ్వితే అడ్డుచెప్పే హక్కు మనకుండదు.

గోదారి_గట్టు (ప్లేనో)

మేము టర్ఫ్ వేయించి వేసవులు గడిపాం కాబట్టి వేడి గురించి నేను చెప్తాను. మే నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మా పెరట్లో ఎవరూ కాలు పెట్టరు. పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెత్తడమన్నది పోయింది. మా కుక్కపిల్ల అయితే గడప దగ్గరే ఆగిపోతుంది. 2002లో యూటాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు కొలిచినప్పుడు, గాలి 98 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజున టర్ఫ్ ఉపరితలం 200 డిగ్రీలకి చేరింది. పక్కనున్న తారు రోడ్డు కన్నా ఎక్కువ. నీళ్లు కొట్టి చల్లబరిస్తే దిగింది గానీ, ఇరవై నిమిషాల్లో మళ్లీ 164కి వచ్చింది. మనకేమో ఇక్కడ వంద డిగ్రీల రోజులు వరసగా వస్తాయి.

"చల్లదనం ఇచ్చే ఇన్‌ఫిల్" (గడ్డి పోచల మధ్య నింపే గుళికలు) అని అదనంగా అమ్ముతారు. కొంచెం తేడా ఉంటుంది, కాదనను. కానీ నీడను మించింది లేదు. లేన్ పైన షేడ్ క్లాత్ వేసే ఏర్పాటు ముందే ఆలోచించుకోండి, స్తంభాలు దానికి తగ్గట్టు పాతించవచ్చు.

ఇంకా ముఖ్యమైనది కిటికీలు. కొత్త ఇళ్లకి లో-ఈ గ్లాస్ (వేడిని వెనక్కి కొట్టే పూత ఉన్న అద్దం) ఉంటుంది కదా, దాని మీద పడిన ఎండ ఒకచోట గుమిగూడి టర్ఫ్ మీద పడితే గడ్డి పోచలు కరిగి ముద్దకట్టుకుపోతాయి. మాకు రెండో వేసవిలో బ్రేక్‌ఫాస్ట్ నుక్ కిటికీ ఎదురుగా అడుగు వెడల్పున కరిగింది. వేసినవాళ్లకి ఫోన్ చేస్తే వారంటీలో ఇది రాదన్నారు. కాగితం తీసి చూస్తే చిన్న అక్షరాల్లో అలాగే ఉంది. కిటికీకి బయట సోలార్ స్క్రీన్ బిగించాక మళ్లీ రాలేదు. పక్కింటి మేడ కిటికీ నుంచి కూడా రావచ్చు, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు పెరట్లో నిలబడి వెలుతురు చారలు ఎక్కడ పడుతున్నాయో చూసుకోండి.

టర్ఫ్_పని (కొంపల్లి, హైదరాబాద్)

నమస్తే అన్నలూ. నేను హైదరాబాద్‌లో బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు వేస్తాను. మా దగ్గర కూడా నల్లరేగడి సైట్లు తగులుతాయి, పైన నల్లరేగడి అన్న రాసింది అక్షరం అక్షరం నిజం. ఇక్కడ బేస్ మీద పైసలు మిగుల్చుకున్న ఓనర్లు ఒక వానాకాలం దాటకముందే మళ్లీ పిలుస్తారు.

గడ్డి గురించి చెప్తాను. బాక్స్ క్రికెట్‌కి 40, 50 మిల్లీమీటర్ల గడ్డి వేస్తాం, లోపల సిలికా ఇసుక, నల్ల రబ్బరు గుళికలు నింపుతాం. అది టెన్నిస్ బాల్‌కి, ఫుట్‌బాల్‌కి సరిపోతుంది. లెదర్ బాల్ ప్రాక్టీస్‌కి అది పనికిరాదు, బంతి ఆగిపోతుంది, లేకపోతే ఇష్టమొచ్చిన ఎత్తున లేస్తుంది. క్రికెట్ పిచ్‌కి 9 నుంచి 12 మిల్లీమీటర్ల పొట్టి, దట్టమైన గడ్డి కావాలి. అమెరికాలో ఇళ్లకి అమ్మే ల్యాండ్‌స్కేప్ గడ్డి అంగుళంన్నర పైనే ఉంటుందని విన్నాను. చూడ్డానికి పచ్చగా, మెత్తగా ఉంటుంది, బాబు బ్యాటింగ్‌కి మాత్రం పనికిరాదు. శాంపిల్ ముక్క నేల మీద పెట్టి, లెదర్ బాల్ నడుమెత్తు నుంచి వదిలి చూడండి, మీకే తెలుస్తుంది.

రోల్ వెడల్పు ఎంతో అడగండి. మీ దగ్గర 15 అడుగుల రోల్స్ దొరుకుతాయి కదా, 12 అడుగుల లేన్ ఒకే ముక్కలో వస్తుంది, అతుకు లేకుండా. బంతి పడే చోట అతుకు ఉండనే కూడదు. వేరే ఎక్కడైనా అతుకు తప్పకపోతే రెండు ముక్కల గడ్డి పోచలు ఒకే వైపు వాలేలా వేయించండి, లేదంటే రంగు రెండు రకాలుగా కనిపిస్తుంది. కింద సీమ్ టేప్, దాని మీద పాలీయురెథేన్ జిగురు, అంతే. మేకులతో మాత్రమే అతికిస్తామంటే ఒప్పుకోకండి.

పిచ్ మీద ఇనుప స్పైకులు వద్దు. రబ్బరు స్టడ్స్ బూట్లే.

లెగ్_కట్టర్ (అర్వింగ్)

కొంపల్లి అన్న చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. పొట్టి గడ్డి కింద కంకర కన్నా కాంక్రీట్ ఉంటే బౌన్స్ నమ్మకంగా ఉంటుంది. మా లీగ్ గ్రౌండ్లలో చాలావరకు కాంక్రీట్ స్ట్రిప్ మీద మ్యాటే. పిల్లవాడు పెరట్లో అలవాటుపడిన బౌన్స్, మ్యాచ్‌లో వచ్చే బౌన్స్ దగ్గరగా ఉంటాయి. 22 గజాలంటే 66 అడుగులు, మీకు 70 ఉంది, స్టంప్స్ వెనక జాగా చాలదు. కానీ పెరట్లో ఎలాగూ పరిగెత్తి బౌలింగ్ చేయలేరు. మీరు త్రోడౌన్స్ (చేత్తో విసిరే బంతులు) ఇస్తారు, లేకపోతే మెషిన్ పెడతారు. 18 గజాల దగ్గర నుంచి వేసినా చాలు.

నల్లరేగడి (మెకిన్నీ)

కాంక్రీట్ అంటే నాకు కొంచెం భయమే, ఈ మట్టి మీద 66 అడుగుల పలక పగలకుండా ఉండదు. కానీ లెగ్_కట్టర్ గారి మాటలో న్యాయం ఉంది. మధ్యేమార్గం ఒకటి చెప్తాను. బంతి పడేది బ్యాటింగ్ వైపు సగంలోనే కదా. ఆ వైపు 30 అడుగులు మాత్రం నాలుగంగుళాల కాంక్రీట్, లోపల ఇనుప ఊచలు, పది అడుగులకోసారి కంట్రోల్ జాయింట్. పగుళ్లు వస్తే ఆ జాయింట్‌లోనే వస్తాయి, గడ్డి వాటిని కప్పేస్తుంది. మిగతా సగం తొక్కించిన కంకర చాలు. అది కుంగినా పై గడ్డి లేపి ఇంకో బస్తా కంకర పోసి సరిచేసుకోవచ్చు. రెండూ కలిసే చోట కొంచెం ఎత్తుపల్లాలు వస్తాయి, కానీ అక్కడ బంతి పడదు.

ఫ్రీమాంట్_అక్క (కాలిఫోర్నియా)

పనిలో ఉన్న ఉత్సాహానికి అడ్డురావాలని కాదు గానీ, పెరడంతా ఎందుకు కప్పడం? నిజంగా అడుగుతున్నాను. మా రాష్ట్రంలో కరవు రోజుల్లో, 2015లో, హెచ్‌ఓఏలు (కాలనీ ఇళ్ల యజమానుల సంఘాలు) ఆర్టిఫిషియల్ గడ్డిని నిషేధించకూడదని చట్టం చేశారు. నీళ్లు మిగులుతాయని అందరం సంతోషించాం. 2023లో మళ్లీ చట్టం మార్చి, కావాలంటే నిషేధించుకోండని నగరాలకి అధికారం ఇచ్చారు. మిల్‌బ్రే లాంటి ఊళ్లు నిషేధించాయి కూడా. వేడి, ప్లాస్టిక్ ముక్కలు వాన నీటిలో కొట్టుకుపోవడం, పాతబడిన గడ్డిని చివరికి చెత్త గుట్టల్లో వేయడం ఇవన్నీ కారణాలు. యూరోపియన్ యూనియన్ అయితే 2031 అక్టోబరు నుంచి ప్లాస్టిక్, రబ్బరు గుళికల ఇన్‌ఫిల్ అమ్మకాన్నే ఆపేస్తోంది.

బతికున్న గడ్డి కింద వానపాములుంటాయి, వాన ఇంకుతుంది, సాయంత్రానికి నేల చల్లబడుతుంది. ఆటకి ఎంత కావాలో అంతే వేసుకుని మిగతాది వదిలేయండి. ఇన్‌ఫిల్ కావలసివస్తే టైర్ల రబ్బరు వద్దు, సిలికా ఇసుక చాలు.

పెరటి_పిచ్ (ప్రాస్పర్)

అక్కా, మా ఆవిడ మొదటి రోజు నుంచీ ఇదే అంటోంది. బెర్ముడా చలికాలంలో ఎండిపోయినట్టు కనిపిస్తుంది, నీళ్ల మీద ఆంక్షలుంటాయి, అందుకే మొత్తం మార్చేద్దామని నేనే పట్టుబట్టాను. మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటాం.

బోర్డు_పని (ఫ్రిస్కో)

నేను మా హెచ్‌ఓఏలో ఆర్కిటెక్చరల్ కమిటీలో (ఇళ్లలో మార్పులకి అనుమతి ఇచ్చే కమిటీ) ఉన్నాను. కొంచెం అటువైపు నుంచి చెప్తాను. కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇవ్వకముందే మీ హెచ్‌ఓఏకి దరఖాస్తు పెట్టండి. మేము తిప్పి పంపేవాటిలో చాలావరకు గడ్డి వల్ల కాదు, డ్రాయింగ్ లేకపోవడం వల్ల. సర్వే ప్లాట్ మీద లేన్ ఎక్కడ వస్తుందో కొలతలతో గీసి, ఈజ్‌మెంట్, స్వేల్ చూపించి, నెట్ ఎత్తు, స్తంభాల రంగు, నీళ్లు ఎటు పోతాయో రాసి పెట్టండి. నెట్ రంగు నలుపు పెడితే దూరానికి కనిపించదు, పక్కవాళ్లకి అభ్యంతరం తగ్గుతుంది.

తిరస్కరిస్తే కంగారు పడొద్దు. 2021లో టెక్సస్ చట్టం మార్చారు. తిరస్కరించేటప్పుడు కారణాలేమిటో, ఏం మార్చుకుంటే ఒప్పుకుంటారో రాతపూర్వకంగా చెప్పాలి. 30 రోజుల్లోగా బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు.

దీనికన్నా ముఖ్యం, దరఖాస్తుకి ముందే మూడు వైపులా ఉన్న ఇరుగుపొరుగు వాళ్ల తలుపు తట్టండి. బ్యాట్ మీద లెదర్ బాల్ చప్పుడు మనకి సంగీతం, పొద్దున ఏడింటికి పక్కింటాయనకి కాదు. ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా ఆడతారో మీరే చెప్పండి. ఫ్లడ్ లైట్ పెడితే వెలుతురు కిందికే పడేలా, కంచె దాటకుండా ఉండాలి.

గోదారి_గట్టు (ప్లేనో)

మాకు కూడా పక్కింటి వాళ్లతో ముందే మాట్లాడటం వల్లే ఏ గొడవా రాలేదు. పని జరిగినన్నాళ్లూ మట్టి లారీలు వాళ్ల డ్రైవ్‌వే పక్కనే ఆగాయి, ఒక్క మాట అనలేదు.

నల్లరేగడి (మెకిన్నీ)

తవ్వే ముందు 811కి (భూమిలో ఉన్న లైన్లు గుర్తించి గీసే సేవ) ఫోన్ చేయడం మర్చిపోవద్దు. డబ్బులు అక్కర్లేదు. కనీసం రెండు పనిదినాల ముందు చెప్పాలి, శని ఆదివారాలు లెక్కలోకి రావు. గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు, కేబుల్‌కి నారింజ, నీళ్లకి నీలం, మురుగుకి ఆకుపచ్చ, ఇలా నేల మీద గీసి వెళ్తారు. అయితే వాళ్లు గీసేది కంపెనీల లైన్లే. మీ స్ప్రింక్లర్ పైపులు, బయటి గ్రిల్‌కి వేయించుకున్న గ్యాస్ గొట్టం లాంటివి గీయరు, అవి మీరే వెతికి చూపించాలి.

స్ప్రింక్లర్ల గురించి ఒక మాట. టర్ఫ్ వేశాక ఆ జోన్ పూర్తిగా ఆపేస్తారు చాలామంది. ఇంటి గోడ పక్కన మట్టి అప్పటిదాకా తడిగా ఉండి, ఒక్కసారి ఎండిపోతే ఫౌండేషన్ అంచు కుంగుతుంది. గోడకి టర్ఫ్ ఆనించకండి. కొన్ని అడుగులు మొక్కలకి వదిలి, అక్కడ డ్రిప్ లైన్ ఉంచండి. గోడ నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరంగుళాలు కిందికి వాలాలన్న నియమం కూడా టర్ఫ్ వాళ్లు పాడుచేయకుండా చూసుకోండి.

లెగ్_కట్టర్ (అర్వింగ్)

నెట్ గురించి ఎవరూ రాయలేదు. పక్కలకే కాదు, పైన కూడా నెట్ కావాలి. లెదర్ బాల్ టాప్ ఎడ్జ్ తీసుకుంటే నేరుగా పక్కింటి కప్పు మీదికే. నెట్‌కి, కంచెకి మధ్య రెండు అడుగులైనా వదలండి, బంతి తగిలినప్పుడు నెట్ సాగుతుంది. చలికాలం మంచువాన హెచ్చరిక వస్తే పై నెట్ దింపేయాలి, ఐస్ పేరుకుంటే ఆ బరువుకి స్తంభాలు వంగుతాయి. 2021 ఫిబ్రవరి ఐస్‌కి మా క్లబ్ నెట్స్ అలాగే పోయాయి. కప్పీ, తాడు పెట్టిస్తే ఒక్కరే దింపొచ్చు.

పెరటి_పిచ్ (ప్రాస్పర్)

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇంట్లో అందరం కూర్చుని నిర్ణయించుకున్నాం. పికిల్‌బాల్ కోర్టు వదిలేశాం. పాప, మా ఆవిడ కమ్యూనిటీ కోర్టుకే వెళ్తామన్నారు. టర్ఫ్ మొత్తం పెరడుకి కాదు, 12 బై 64 అడుగుల లేన్‌కి మాత్రమే. ప్లాట్ కాగితంలో వెనక కంచె నుంచి 10 అడుగులు ఈజ్‌మెంట్ ఉంది, స్వేల్ కూడా దాని లోపలే. కాబట్టి లేన్ దాని ఇవతలికి జరిపాం. ఇంటి వైపు మిగిలినదంతా బెర్ముడాయే ఉంటుంది.

కొత్త కొలతలతో ముగ్గురినీ మళ్లీ అడిగాను. 11 డాలర్ల ఆయన వాలు గురించి అడగ్గానే "అవన్నీ అవసరం లేదండి" అన్నారు. 19 ఆయన పైపు ఎక్కడ తేలుతుందో కాగితం మీద గీసి చూపించారు, కానీ పొట్టి గడ్డి తన దగ్గర లేదన్నారు. 14 ఆమె కాంక్రీట్ సగానికి వేరే మనిషిని తెస్తానని, 12 మిల్లీమీటర్ల రోల్ ఆర్డర్ చేయిస్తానని చెప్పారు. మొత్తం విస్తీర్ణం తగ్గింది కాబట్టి కాంక్రీట్, నెట్ కలిపినా మొదట అనుకున్న ఖర్చులో సగం కూడా కావడం లేదు. హెచ్‌ఓఏ దరఖాస్తు ఈ వారాంతంలో పెడుతున్నాను. ఒక్క సందేహం: కాంక్రీట్‌కి వాలు ఎటు పెట్టించాలి, పొడుగు వైపా, అడ్డంగానా?

లెగ్_కట్టర్ (అర్వింగ్)

అడ్డంగా పెట్టించండి. పొడుగు వైపు వాలు ఉంటే బ్యాటర్ కంటికి బౌన్స్ తేడాగా తెలుస్తుంది.

నల్లరేగడి (మెకిన్నీ)

అవును, అడ్డంగానే, స్వేల్ వైపుకి. 12 అడుగుల వెడల్పుకి అంగుళంన్నర దిగితే చాలు. అడుగు మట్టిని వాలు చేశాక, కంకర పోయకముందు గొట్టంతో నీళ్లు వదిలి చూడమనండి. ఎక్కడైనా మడుగు కట్టిందంటే అప్పుడే సరిచేయించాలి, గడ్డి పరిచాక ఎవరూ తిరిగి లేపరు. ఆ రోజు ఫోటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. దరఖాస్తు డ్రాయింగ్ కూడా పంపేముందు ఒకసారి చూపించండి, పైపు తేలే చోటు ఎత్తు సరిపోతుందో లేదో లెక్క వేద్దాం.